బియాఫ్రా దౌత్యము: గుర్తింపునకును కరుణకును నడుమ

1967 మే 30వ తేదీ ప్రాతఃకాలమున ఎనుగు నగరమునుండి లెఫ్టినెంటు కర్నలు ఒదుమెగ్వు ఒజుక్వు నైజీరియా తూర్పు ప్రాంతమును బియాఫ్రా అను పేర స్వతంత్ర గణరాజ్యముగా ప్రకటించెను. 1970 జనవరి 15వ తేదీన నాటి నైజీరియా రాజధాని యగు లాగోసు నగరమందు ఆ రాజ్యము ఇక లేదని దాని సేనాధిపతియే ఒప్పుకొనవలసి వచ్చెను. ఈ రెండు దినముల నడుమ గడచిన రెండున్నర యేండ్లకు పైబడిన కాలములో దానిని రాజ్యముగా గుర్తించిన దేశములు టాంజానియా, గాబన్, ఐవరీకోస్ట్, జాంబియా, హైతీ, ఈ యైదు మాత్రమే. ఐనను ఆ కాలముననే ఐరోపా, అమెరికా ఖండములలో వార్తాపత్రిక చదువు కుటుంబములకు బియాఫ్రా పేరు సుపరిచితమై, అచటి శిశువుల ముఖములు కన్నులకు కట్టినట్లై యుండెను. లోకమెల్ల నెఱిగిన రాజ్యమును లోకము గుర్తింపకుండుటకు హేతువేమి? అగ్రరాజ్యముల స్వార్థమును, చమురును ఇందులకు కారణములుగా చెప్పుట పరిపాటి. అవి కారణములు కావనలేము. కాని బియాఫ్రా దౌత్యము తాను మొదట నమ్ముకొన్న వాదమును నడుమ మార్చుకొనినదనియు, న్యాయముగా కోరవలసిన గుర్తింపును కరుణ పేర కోరుటచేత అన్యదేశములకు గుర్తింపు నీయకయే తమ మనస్సాక్షిని తృప్తిపఱచుకొను మార్గము దొరకినదనియు నా యభిప్రాయము.

ఆ దౌత్యమునకు మూలమైన దుఃఖము కల్పితము కాదు. 1966 జనవరిలో కొందఱు యువసైనికాధికారులు కుట్రచేసి సమాఖ్య ప్రధాని అబూబకర్ తఫావా బలేవాను, ఉత్తరప్రాంత నాయకుడగు అహ్మదు బెల్లోను చంపగా, కుట్రదారులలో ఇగ్బోజాతివారు పెక్కుమంది యుండుటచే ఉత్తరమున ఆ జాతిపై పగ రగుల్కొనెను. ఆ యేటి జూలైలో జరిగిన ప్రతికుట్రవలన యాకుబు గోవన్ అధికారమునకు వచ్చెను. మే మాసమున ఆరంభమై సెప్టెంబరు, అక్టోబరు మాసములలో విజృంభించిన మారణకాండలో ఉత్తరాది పట్టణములందు వేలకొలది ఇగ్బోలు హతులుకాగా, లక్షలకొలది జనులు కట్టుబట్టలతో తూర్పునకు పరుగెత్తి వచ్చిరి. 1967 జనవరి 4, 5 తేదీలలో ఘనాదేశమందలి అబూరీలో ఇరుపక్షముల నాయకులు కూర్చుండి కుదుర్చుకొన్న ఒప్పందమును లాగోసు ఒక విధముగను, ఎనుగు మఱియొక విధముగను వ్యాఖ్యానించుకొనుటచే అది నిలువలేదు. మే 27న గోవన్ దేశమును పండ్రెండు రాష్ట్రములుగా విభజించెను; మూడవనాడు బియాఫ్రా పుట్టెను.

నూతన రాజ్యము తొలుత చేసిన వాదము శుద్ధ రాజనీతిశాస్త్ర సమ్మతమైనది. ప్రజల ప్రాణములను కాపాడుట ప్రభుత్వమునకు ప్రథమ ధర్మము. ఆ ధర్మమును నెఱవేర్పజాలని, నెఱవేర్పనొల్లని సమాఖ్యకు కట్టుబడి యుండవలసిన విధి ప్రజలకు లేదు. 1933 నాటి మాంటెవీడియో ఒడంబడిక రాజ్యమునకు చెప్పిన లక్షణములు నాలుగు: స్థిరమైన ప్రజ, నిర్ణీతమైన భూభాగము, ప్రభుత్వము, ఇతర రాజ్యములతో వ్యవహరించు సామర్థ్యము. 1967 జూన్ మాసమున ఎనుగులో కూర్చున్న ప్రభుత్వమునకు ఈ నాలుగింటిలో ఏది కొఱవడినదో చెప్పుట కష్టము. కాని లక్షణములున్నంతనే గుర్తింపు రాదు. కాగితముపై నాలుగు లక్షణములు వ్రాసిన న్యాయవేత్తల కంటె తమ తమ సరిహద్దుల రేఖలను చూచుకొనుచున్న పాలకుల మాటయే ఇందు చెల్లును. ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1964లో కైరోనగరమందు, వలసపాలకులు గీసిపోయిన సరిహద్దులనే యథాతథముగా మన్నింపవలెనని తీర్మానించి యుండెను. ఆ సంస్థలోని ప్రతి రాజ్యమునందును పలు జాతులు, పలు భాషలు ఒక గీతలో ఇరికింపబడి యుండెను గనుక, బియాఫ్రా గెలిచినచో రేపు తన ఇంటిలోనే మఱియొక బియాఫ్రా లేచునేమోయను భయము ప్రతి అధ్యక్షుని హృదయమందును ఉండెను. దీనికితోడు కటాంగా జ్ఞాపకము పచ్చిగానే యుండెను. 1960లో కాంగోనుండి గనుల కంపెనీల అండతో విడివడిన ఆ ప్రాంతమునకును, చమురు గల తూర్పు నైజీరియాకును పోలిక చూపుట లాగోసునకు ఏమాత్రము కష్టము కాలేదు.

చమురును గూర్చి ఎక్కువ చెప్పను. 1967 జూన్ మాసపు అరబ్బు-ఇజ్రాయేలు యుద్ధముచే సూయజుకాలువ మూతపడి, నైజీరియా చమురు బ్రిటనునకు మున్నెన్నడు లేనంత ప్రియమైనది. షెల్-బీపీ కంపెనీ రాయల్టీ ధనమును ఎవరికి చెల్లింపవలెనను వివాదము రేగినది. జూలై మాసమున సమాఖ్యసైన్యము బోనీ రేవును పట్టుకొనగానే ఆ ప్రశ్న దాదాపు తీరిపోయినది. బ్రిటను లాగోసునకు ఆయుధములమ్మెను, సోవియట్ దేశము యుద్ధవిమానముల నమ్మెను, అమెరికా ఇది బ్రిటను బాధ్యతయని తప్పుకొనెను. పరస్పరము కన్నెఱ్ఱజేసికొను శీతలయుద్ధ శత్రువులిరువురు ఒకే పక్షమున నిలిచిన ఈ విచిత్రము బియాఫ్రా దౌత్యవేత్తలకు ఎటుచూచినను తలుపు మూసివేసెను. ఆగస్టు 9న బియాఫ్రాసైన్యము నైజరునది దాటి మధ్యపశ్చిమ ప్రాంతముపై దాడిచేయుటయు వారి వాదమునకు హానియే చేసెను. స్వయంనిర్ణయాధికారము కోరువారు పొరుగుప్రాంతపు ప్రజల సమ్మతి లేక వారి నగరమందు సేనలు నిలుపుట ఎట్లు సమర్థనీయమని ప్రశ్నించినవారికి సమాధానము లేదు. అక్టోబరులో ఎనుగు పడిపోయెను, కలబారు పోయెను. 1968 మే నెలలో పోర్ట్ హార్కోర్ట్ కూడ పోవుటతో బియాఫ్రా సముద్రము లేని చిన్న ద్వీపమువలె మిగిలెను.

భూభాగము క్షీణించుకొలది వాదమును మాఱెను. 1968 ఆరంభమునుండి జెనీవా నగరమందలి మార్క్‌ప్రెస్ అను ప్రచారసంస్థ బియాఫ్రా పక్షమున నిత్యము వార్తలు వెలువరించుచు, పత్రికారచయితలను యుద్ధభూమికి చేరవేయుచుండెను. ఆ యేటి జూన్ మాసమున ఆంగ్లదేశపు పత్రికలలో బియాఫ్రా శిశువుల చిత్రములు వచ్చెను. జూలైలో అమెరికాయందలి లైఫ్ పత్రిక ముఖచిత్రముగా అవే ప్రకటింపబడెను. మాంసకృత్తులు లేక కడుపు ఉబ్బి, కాళ్లు పుల్లలై, జుట్టు ఎఱ్ఱబారిన పసివారిని చూచి చలింపనివారు లేరు. అది ప్రచారమని తేలికగా తీసివేయువారితో నేనేకీభవింపను. ఆ ఆకలి కెమెరా కల్పించినది కాదు, సమాఖ్య విధించిన దిగ్బంధమువలన కలిగినది. కాని దౌత్యదృష్టితో చూచినచో ఇందొక మార్పు గమనింపదగియున్నది. “మేము రాజ్యమగుటకు అర్హులము” అను వాక్యము వెనుకకు పోయి “మేము చచ్చిపోవుచున్నాము” అను వాక్యము ముందునకు వచ్చెను. మొదటి వాక్యమునకు ప్రత్యుత్తరము గుర్తింపే. రెండవదానికి పాలపొడి కూడ ప్రత్యుత్తరము కాగలదు. జాతినిర్మూలనమే జరుగుచున్నదను ఆరోపణకు విరుగుడుగా లాగోసు 1968 శరత్కాలమున విదేశీ పరిశీలకులను పిలిపించెను. అట్టి నిర్మూలనమునకు సాక్ష్యము కానరాలేదని వారు చెప్పగానే, ఆరోపణపై నిలిపిన వాదమంతయు బీటవాఱెను.

ఈ చీకటిలో ఒక్క వసంతము కలదు. 1968 ఏప్రిల్ 13న టాంజానియా, మే 8న గాబన్, 14న ఐవరీకోస్ట్, 20న జాంబియా వరుసగా బియాఫ్రాను గుర్తించెను. ఈ నలువురిలో జూలియస్ నైరేరే నిర్ణయము విశేషముగా ఆలోచింపదగినది. అతడు విచ్ఛిన్నతను ప్రేమించువాడు కాడు. నాలుగేండ్లకు పూర్వమే టాంగన్యికాను, జాంజిబారును ఏకము చేసినవాడు. ఆఫ్రికా అంతయు ఒకటి కావలెనని కోరినవాడు. అట్టివాడు, రాజ్యము ప్రజలకొఱకే కాని ప్రజలు రాజ్యముకొఱకు కారనియు, భద్రత కోల్పోయిన జనసమూహమును బలప్రయోగముతో ఐక్యతలో నిలుపుట ఐక్యత యనిపించుకొనదనియు వాదించెను. ఐక్యతావాదియే నోరు తెఱచి ఇట్లు పలుకుట బియాఫ్రాకు లభించిన అత్యుత్తమ దౌత్యవిజయమని నేను తలంతును. ఇది చిత్రములవలన వచ్చినది కాదు. ఆ చిత్రములు లోకమున వ్యాపించుటకు ముందే, వాదబలమువలన, నైజీరియా మాజీ అధ్యక్షుడును వయోవృద్ధుడునగు అజికివే వంటివారు రాజధానులు తిరిగి మాటలాడుటవలన వచ్చినది.

గాబన్, ఐవరీకోస్టుల నిర్ణయముల వెనుక పారిసు నీడ యున్నది. ద గాల్ ప్రభుత్వము జూలై 31న బియాఫ్రా స్వయంనిర్ణయాధికారమునకు సానుభూతి తెలిపెను. ఆ రెండు దేశముల మార్గమున ఆయుధములు పంపెను. గుర్తింపును మాత్రము ఈయలేదు. సహాయము అందుకొనుచున్నంతకాలము యుద్ధము సాగును, గుర్తింపు రానంతకాలము సంధి బలము చేకూరదు. ఈ స్థితిలో ఫ్రాన్సు చేసిన మేలు ఎంత, కీడు ఎంత యని తూచిన త్రాసు కీడువైపే మొగ్గునని నాకు తోచుచున్నది. పోర్చుగలు సంగతి మఱింత విషాదకరము. అంగోలా, మొజాంబిక్‌లను బంధించి యుంచిన ఆ వలసరాజ్యము లిస్బను, సావోతోమేలను బియాఫ్రా విమానములకు తెఱచి యుంచెను. ఊపిరి నిలుచుటకు వేఱు దారి లేని బియాఫ్రా ఆ చేయి పట్టుకొనెను. పట్టుకొన్న మఱుక్షణమే, నల్లజాతి స్వాతంత్ర్యమునకు శత్రువులైన వారి మిత్రమను నింద దానికి అంటుకొనెను.

సంధిచర్చల కథ చెప్పునపుడు ఒక వ్యక్తిని స్మరింపక తప్పదు. 1968 మే మాసమున కంపాలానగరమందు బియాఫ్రా ప్రతినిధివర్గమునకు నాయకత్వము వహించిన సర్ లూయీ మ్బనేఫో ఆ రాజ్యపు ప్రధాన న్యాయమూర్తి. హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానమున నైఋతి ఆఫ్రికా వ్యాజ్యములో ఇథియోపియా, లైబీరియాల పక్షమున తాత్కాలిక న్యాయమూర్తిగా కూర్చున్నవాడు. ఏ ఇథియోపియా పక్షమున అతడు న్యాయాసనమెక్కెనో ఆ దేశపు చక్రవర్తి హైలీ సెలాసీయే, నైజీరియా ఐక్యతకు భంగము రాకుండ మధ్యవర్తిత్వము నెఱపుటకు ఏర్పడిన ఆఫ్రికా నాయకుల సంఘమునకు అధ్యక్షుడు! కంపాలాలో మ్బనేఫో ముందుగా కాల్పుల విరమణను కోరెను. లాగోసు ప్రతినిధి ఎనహోరో ముందుగా వేర్పాటును విడనాడుమనెను. నియామేలోను, ఆగస్టులో అడిస్ అబాబాలోను ఈ ముందు వెనుకల వివాదమే సాగెను. సెప్టెంబరులో అల్జీర్సున సమావేశమైన ఆఫ్రికా ఐక్యతా సంస్థ 33 వోట్లకు నాలుగు వోట్లుగా నైజీరియా సమగ్రతను బలపఱచెను. ఆ నాలుగును గుర్తింపునిచ్చిన నాలుగు దేశములవే. ఐదవ ఆఫ్రికాదేశము రాలేదు. 1969 మార్చిలో హైతీ గుర్తించినను అది సముద్రమునకు ఆవలిది.

ఇక ఉలీని గూర్చి చెప్పవలెను. అది నగరము కాదు, విమానాశ్రయమును కాదు. ఒక రహదారి తునకను వెడల్పుచేసి, ఇరుప్రక్కల తాటాకు మఱుగుపఱచి, పగలు పనికిరానిదిగా నుంచి, రాత్రివేళ విమానములకు నేలగా చేసికొన్న చోటు. పైన సమాఖ్య బాంబరు చక్కర్లు కొట్టుచుండగా, వచ్చు విమానము రేడియోలో సంకేతము చెప్పినంతనే క్రింద దీపములు క్షణకాలము వెలిగి ఆరిపోవును. ఆ క్షణములో చూచుకొన్న బాటపై చీకటిలోనే చక్రములు నేలను తాకును. మూటలు దింపు కూలీలకు ఒక విమానమున నార్వేదేశపు ఎండుచేప, మఱియొక విమానమున తుపాకిగుండ్లు. క్రైస్తవసంఘములన్నియు కూడి నడపిన విమానములు 5,000 మాఱులకు పైగా ఇట్లు దిగి సుమారు 60,000 టన్నుల సామగ్రి చేరవేసెనని లెక్క. మన తెలుగునేలకు సంబంధించిన ఒక జ్ఞాపకము ఇచట రాకపోదు: 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి హైదరాబాదు రాజ్యమునకు ఇట్లే చాటుమాటుగా ఆయుధములు చేరవేయుచుండగా, నిజాము ప్రభుత్వము ఆగస్టు 21న భద్రతా సమితికి ఫిర్యాదు పంపెను, సెప్టెంబరు 16న సమితి దానిని చేపట్టిన మఱునాడే ఆ రాజ్యము లొంగిపోయెను. తమను కాపాడని ఏలుబడిపై తిరుగబడిన ప్రజలకును, ప్రజలను అణచిన ప్రభువునకును పోలిక లేదు గాని, చుట్టును మూసిన నేలకు ఆకాశమొక్కటే దౌత్యమార్గమగుట ఉభయత్ర సమానము.

ఉలీలోనే బియాఫ్రా దౌత్యపు చిక్కుముడి యంతయు నున్నది. పగటివేళ విమానములను తనిఖీచేసి పంపుదమనియు, నేలమీద ఒక మార్గమును తెఱతమనియు లాగోసు చెప్పెను. పగటి విమానముల చాటున శత్రువు దిగుననియు, నేలమార్గమున విషము వచ్చుననియు ఒజుక్వు నిరాకరించెను. భయము నిరాధారము కాకపోవచ్చును. కాని రాత్రి ఎండుచేప తెచ్చు విమానముల మఱుగుననే ఆయుధవిమానమునకు రక్షణ యుండుటయు, ఆ మార్గము లాగోసు అనుమతి లేకయే నడచుట సార్వభౌమత్వమునకు చిహ్నమగుటయు ఆ నిరాకరణకు మూలములే. పిల్లవాని పాలగిన్నెను రాజ్యపతాకగా ఎత్తినపుడు ఆ గిన్నె ఆలస్యమైన ప్రతిదినమునకు ఎవరో ఒకరు లెక్క చెప్పుకొనవలసి యుండును. ఇరుపక్షములును చెప్పుకొనలేదు. ఇంతలో పాశ్చాత్య ప్రభుత్వములు తమ ప్రజల కన్నీటికి జవాబుగా ధాన్యమును, మందులను పంపి, రాయబారులను పంపకుండుటకు అదే చాలునని ఊరకుండెను.

లోపలినుండి మఱియొక ప్రశ్న లేచుచుండెను. తూర్పు ప్రాంతమున ఇగ్బోలు మాత్రమే లేరు. ఎఫిక్, ఇబిబియో, ఇజా, ఒగోనీ మొదలగు జాతులు సముద్రతీరమున, చమురు పుట్టు నేలలలో నివసించిరి. గోవన్ చేసిన పండ్రెండు రాష్ట్రముల విభజనము వారికి తమ సొంత రాష్ట్రమును చూపెను; ఒగోనీజాతి రచయిత కెన్ సారో-వివా సమాఖ్యపక్షమున బోనీకి పరిపాలకుడయ్యెను. స్వయంనిర్ణయాధికారమను సూత్రము ఎనుగు వఱకు వచ్చి ఆగవలెనని చెప్పుటకు బియాఫ్రాకు యుక్తి లేకపోయెను. 1969 జూన్ 1న అహియారాలో ఒజుక్వు చేసిన ప్రకటన జాతివివక్షను, అధికారదురహంకారమును ఖండించిన గంభీరమైన పత్రమే కాని, అప్పటికి ఆ తీరప్రాంతమంతయు చేజారి పోయియుండెను. పారిసున బియాఫ్రాకు ప్రతినిధిగా నుండిన రాల్ఫ్ ఉవేచూ అంతకుముందే పదవి విడిచెను. గుర్తింపులు సంపాదించిపెట్టిన అజికివే 1969 ఆగస్టులో లాగోసు పక్షమునకు తిరిగెను.

పొరుగును గూర్చి ఒక విషయము చెప్పవలెను. 1971లో తూర్పు పాకిస్తాను విడిపోయినపుడు దానికి మూడు వైపుల భారతదేశముండెను, డిసెంబరు 6న గుర్తింపునిచ్చిన పొరుగు అదియే. బియాఫ్రాకు తూర్పునగల పొరుగు కామెరూన్ లాగోసు పక్షమున నిలిచి సరిహద్దు మూసివేసెను. గుర్తించిన ఐదు దేశములలో ఒక్కటియు దాని గట్టును తాకదు.

ఒజుక్వు 1970 జనవరి 11న విమానమెక్కి వెడలిపోయెను. మఱునాడు సేనాధిపతి ఫిలిప్ ఎఫియాంగ్ రేడియోలో మాటలాడుచు, సైనికులను ఆయుధములు దించుమని కోరి, ఆఫ్రికా ఐక్యతా సంస్థ తీర్మానముల ప్రాతిపదికపైననే సంధి మాటలాడుటకు ప్రతినిధులు సిద్ధముగా నున్నారని తెలిపెను. ఆ సంస్థ కిన్షాసాలోను, అల్జీర్సులోను చేసిన ఏ తీర్మానములను ధిక్కరించి ఆ రాజ్యము నిలువజూచెనో అవియే ఆ తీర్మానములు. చదువబడిన ప్రతినిధుల పేర్లలో సర్ లూయీ మ్బనేఫో పేరును ఉండెను.