పెద్ద దుంగకు తగిన రంపము: దుంగకోత చరిత్రము, గొలుసు రంపమును ఎన్నుకొను విధము

కొయ్యపని చేయువారి సంపద యెల్ల రెండింటిపై నిలిచియున్నది. ఒకటి చేవగల మ్రాను. రెండవది దానిని వృథా పోనీక చీల్చు రంపము. ఉలి, బాడిస, చిత్రిక మొదలగునవి తరువాతివి. దుంగ వంకరగా కోయబడినచో నెంతటి నేర్పరియు తలుపు సరిగా బిగింపజాలడు. అయినను మన పెద్దల పనితనమును గూర్చి వ్రాయువారు ద్వారబంధముల చెక్కడమును, రథముల శిల్పమును పొగడుదురే గాని, ఆ దుంగలను చీల్చిన కోతవారిని స్మరించుట అరుదు. కావున ఈ సంచికయందు మేము దుంగకోత చరిత్రమును సంగ్రహముగా జెప్పి, ఆ చరిత్రమే యుపదేశించు రీతిని, నేడు పెద్ద గొలుసు రంపమును కొనదలచిన సోదరులు వేనిని విచారింపవలయునో మనవి చేయదలచితిమి.

పూర్వము కోతకు గుంటయే యంత్రశాల. గుంటపై అడ్డదూలములు పఱచి, వానిపై దుంగ నుంచి, గీత కొట్టి, ఒకడు పైనను ఒకడు గుంటలోను నిలిచి పెద్ద ఱంపమును లాగుచుండిరి. పైవాడు గీత తప్పకుండ చూచుకొనవలయును; క్రిందివాడు కన్నులలో పొట్టు రాలుచున్నను చేయి సడలింపరాదు. భద్రాచలమునకు ఎగువ నడవులలోని టేకు తెప్పలుగా గోదావరిలో దిగి రాజమహేంద్రవరము చేరుచుండెను. కోరంగి రేవున ఓడలు కట్టిన కాలమున పలకలన్నియు ఇట్టి చేతికోతవలననే సిద్ధమగుచుండెను. ఆ పని మెల్లనిది. అయినను రంపపు రేకు పలుచన గనుక కొయ్య పొట్టుగా పోవుట తక్కువ. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

గొలుసు రంపపు పుట్టుక విచిత్రమైనది. గొలుసునకు పండ్లు గూర్చి కోయు ఉపాయము తొలుత అడవిలో పుట్టలేదు. వైద్యుని యింట పుట్టినది. పదునెనిమిదవ శతాబ్దాంతమున స్కాట్లండు దేశపు శస్త్రవైద్యులైన జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనువారు ఎముకను కోయుటకు చిన్న పండ్ల గొలుసును వాడిరి. 1830 ప్రాంతమున జర్మనీ యందలి వుర్జ్‌బర్గ్ పట్టణమున బెర్న్‌హార్డ్ హైనె అను ఎముకల వైద్యుడు, పట్టెచుట్టు తిరుగు గొలుసును పిడితో త్రిప్పి ఎముకను కోయు పరికరమును నిర్మించెను. నేటి గొలుసు రంపపు ఆకారమంతయు దానియందు సూక్ష్మరూపమున గానవచ్చును.

మ్రాకులను కోయుటకు ఈ ఉపాయమును మలచినవారిలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నివాసి శామ్యూల్ బెన్స్ ఒకడు. కాలిఫోర్నియాలోని మహావృక్షములగు రెడ్‌వుడ్‌లను పడగొట్టు తలంపుతో అతడు 1905లో అంతులేని గొలుసు రంపమునకు పేటెంటు పొందెను. అనగా ఈ యంత్రమునకు ప్రేరణ చిన్న కొమ్మ కాదు, పెద్ద మ్రానే. తరువాత జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో స్టట్‌గార్ట్ నగరమున తన సంస్థను స్థాపించి విద్యుత్తుతో నడుచు గొలుసు రంపమును చేసెను. 1929లో పెట్రోలు రంపమును చేసెను. 1927లో ఎమిల్ లెర్ప్ అనునతడు తురింగియా ప్రాంతపు డోల్మార్ కొండపై తన పెట్రోలు రంపమును పరీక్షించెను. ఆ కొండ పేరే పిదప ఆ రంపములకు పేరయ్యెను. ఇవి యన్నియు ఇద్దఱు పట్టి మోయవలసినంత బరువైనవి. గుంటకోతకు వలెనే వీనికిని ఇద్దఱు మనుష్యులు వలసియుండిరి.

యంత్రము బలపడినను పండ్లు మాత్రము బలపడలేదు. ఆనాటి గొలుసు పండ్లు కొయ్యను గీఱునవే గాని చెక్కునవి కావు. తఱచుగా ఆకురాయి పట్టవలసి యుండెను. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను చెట్లుకొట్టు పనివాడు, మొద్దును తొలుచు ఒక పురుగును చూచెను. అది తన రెండు దవడలతో కుడికిని ఎడమకును కొఱుకుచు, నిలువునను అడ్డమునను చేవగల కొయ్యలో సులభముగా దారి చేసికొనుచుండెను. కాక్స్ దానిని పరిశీలించి, కుడిపన్ను ఎడమపన్ను ఒకదాని తరువాత నొకటిగా నమర్చి, కొయ్యను చెక్కివేయు గొలుసును నిర్మించి, 1947లో పోర్ట్‌లాండ్ నగరమున దాని వర్తకమును ప్రారంభించెను. నేటికిని లోకమున వాడబడు గొలుసులకు మూలమదియే. పుస్తకపండితుడు గాక చేతిపనివాడే ఈ మార్పు తెచ్చెనని మన యువకులు గమనింతురు గాక.

1950లో స్టిల్ సంస్థ ఒక్కడు పట్టి పనిచేయదగిన పెట్రోలు రంపమును వెలువరించెను. 1959లో అదే సంస్థ కాంట్రా అను యంత్రమును తెచ్చెను. దాని బరువు 12 కిలోగ్రాములు, బలము ఆఱు గుఱ్ఱములు. నడుమ పండ్లచక్రములు లేక గొలుసు నేరుగా త్రిప్పబడుచుండెను. స్వీడను దేశమున, 1689లో తుపాకుల కర్మాగారముగా పుట్టిన హుస్క్వర్నా సంస్థయు 1959లోనే తన తొలి గొలుసు రంపమును అమ్మజొచ్చెను. అడవిలో గొడ్డలి కాలము అప్పటితో ముగియజొచ్చినది.

అయితే ఈ వేగమునకు మూల్యము చెల్లించినవారు కోతవారు. 1918లోనే అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున గాలిసుత్తులతో రాయి చెక్కువారి వ్రేళ్లు తెల్లబాఱి స్పర్శ కోల్పోవుటను వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ వివరించియుండెను. 1960లలో అదే వ్యాధి గొలుసు రంపము పట్టువారిలో బయలుపడెను. అదుగాక, తిరుగుచున్న గొలుసుతో పట్టెకొన పైభాగము కొయ్యకు తగిలినప్పుడు రంపము కన్ను మూసి తెఱచులోపల మనుష్యునిపైకి ఎగిరి వచ్చును. వ్రేళ్లను కాపాడుటకు, పిడులను ఇంజనునుండి వేఱుచేసి అదరు తగ్గించు ఏర్పాటు 1964లో వచ్చెను. ఎగురుపాటున గొలుసును ఆపు బ్రేకు 1970ల తొలి యేండ్లలో వచ్చెను. అనగా బలము ముందు వచ్చినది, రక్షణ వెనుక వచ్చినది. మేము ఈ చరిత్రమును వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే. చౌకయని పాతకాలపు పెద్ద రంపమును కొనువాడు, ఒక తరము కోతవారు తమ చేతులను పోగొట్టుకొని సంపాదించిన రక్షణను విడిచిపెట్టి, కేవలము బలమును కొనుచున్నాడు.

ఇక ఎన్నుకొను విధము. మొదట కొలువవలసినది యంత్రమును గాదు, దుంగను. చుట్టుకొలతను 7చే హెచ్చించి 22చే భాగించినచో అడ్డుకొలత వచ్చునని మన పనివారందఱును ఎఱుగుదురు. 220 సెంటీమీటర్ల చుట్టు గల దుంగకు అడ్డుకొలత 70 సెంటీమీటర్లు. దానిని ఒక ప్రక్కనుండి అడ్డముగా కోయుటకు 75 సెంటీమీటర్ల పట్టె చాలును. రెండు ప్రక్కలనుండి కోయ నేర్చినవానికి 50 సెంటీమీటర్ల పట్టెయు సరిపోవును. అదే దుంగను పట్టెకు చట్రము బిగించి నిలువున పలకలుగా చీల్చవలెనన్నచో, ఆ చట్రమే పట్టెలో కొంత పొడవును ఆక్రమించును. అప్పుడు 90 సెంటీమీటర్ల పట్టె వలయును.

పట్టె పొడవును బట్టి ఇంజను. స్థూలముగా 50 మొదలు 60 సెంటీమీటర్ల పట్టెకు 70 సి.సి., 75 మొదలు 90 వఱకు 90 సి.సి., అంతకు మించినదానికి 120 సి.సి. అని లెక్క. పెద్ద యంత్రములలో ప్రసిద్ధికెక్కిన స్టిల్ 880 అనునది 121.6 సి.సి., హుస్క్వర్నా 3120 అనునది 118.8 సి.సి. గలవి, పట్టెయు గొలుసును గాక బరువు ఇంచుమించు 10 కిలోగ్రాములు. 91 సి.సి. గల స్టిల్ 661 బరువు 7.5 కిలోగ్రాముల చేరువ. ఈ రెండున్నర కిలోగ్రాముల భేదము అంగడిలో అల్పముగా దోచును. సాయంకాలమునకు నడుమే దానిని చెప్పును. అడ్డకోతయే ముఖ్యమైనవాడు 90 సి.సి. దాటనక్కఱలేదు. నిలువుకోతలో మాత్రము ఇంజను విరామము లేక నిమిషముల తరబడి నిండు భారమున పనిచేయును గనుక, అచ్చట పెద్ద యంత్రము ఆడంబరము కాదు, అవసరము.

ఇంజనుకంటెను గొలుసు ముఖ్యము. గొలుసు, దానిని త్రిప్పు చక్రము, పట్టెలోని గాడి, ఈ మూడును ఒకే కొలతకు చెందియుండవలెను. పెద్ద రంపములకు అంగుళములో మూడెనిమిదవ వంతు, లేదా 0.404 అంగుళము కొలత గల గొలుసులు వాడుదురు. అడ్డకోత పంటికి ఆకురాయిని 30 డిగ్రీల వాలున పట్టుట వాడుక. నిలువుకోతకు 10 డిగ్రీల వాలు చాలును, పలక నునుపుగా వచ్చును. కొన వాడిగా మూలతేలిన పన్ను పచ్చికొయ్యలో వేగముగా పోవును గాని, ఎండిన నల్లమద్ది, తుమ్మ, చింత దుంగలలోను, మట్టి పట్టిన బెరడులోను త్వరగా మొద్దువాఱును. అట్టిచోట మూల కొంచెము గుండ్రనైన పన్ను మేలు. టేకు మెత్తనిదని యెంచరాదు. దానిలోని ఇసుకవంటి సిలికా యెంతటి పదునునైన తినివేయును. ప్రతి పంటికి ముందున్న చిన్న మూపు పన్ను యెంతలోతు కొఱుకవలెనో నిర్ణయించును. త్వరపడి దానిని మిక్కిలి అరుగదీసినచో గట్టికొయ్యలో గొలుసు పట్టివేసి రంపము ఎగురును. అడ్డకోతలో పొట్టు రేకులుగా రాలుచున్నంతవఱకు పదునున్నట్లు. పిండివలె రాలినచో యంత్రమును ఆపి ఆకురాయి పట్టవలెను.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తము. పెద్ద గొలుసు రంపము ఒక్కొక్క కోతకు ఇంచుమించు 9 మిల్లీమీటర్ల కొయ్యను పొట్టుగావించును. సామిల్లులోని పట్టీరంపము రెండున్నర మిల్లీమీటర్ల మాత్రము తినును. 60 సెంటీమీటర్ల మందము గల దూలమును 25 మిల్లీమీటర్ల పలకలుగా కోసినచో, పట్టీరంపముతో 21 పలకలు వచ్చును, గొలుసు రంపముతో 17 మాత్రమే. నాలుగు పలకలు పొట్టుపాలు! కావున దుంగను బండికెత్తి మిల్లునకు చేర్చ వీలున్నచోట పలకలకై గొలుసు రంపమును వాడుట లాభము కాదు. దుంగను కదల్ప వీలులేనిచోట, మిల్లులో పట్టనంత లావైనచోట, అడ్డముగా తుండెములు చేయవలసినచోట దానికి సాటి లేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు వేలకొలది చెట్లు నేలకొఱిగెను. దారులు తెఱచుటకు గొలుసు రంపములే అక్కఱకు వచ్చెను. ఏ పనిముట్టునకును దాని చోటు దానికి గలదు.

యంత్రపు వెలలో రక్షణ వెలను చేర్చి లెక్క వేయవలెను. ఈ రంపముల ధ్వని 100 డెసిబెల్‌లకు మించును. చెవులకు కప్పులు లేనివాడు కొన్ని యేండ్లకు వినికిడి కోల్పోవును. శిరస్త్రాణము, కంటికి జల్లెడ, గొలుసును చిక్కుపఱచు నారలు గల లాగు, గట్టి పాదరక్షలు, ఇవి లేనివాడు రంపమును ముట్టరాదు. కొనుటకు ముందు గొలుసు బ్రేకు పనిచేయుచున్నదా, పిడుల అదరుబిళ్లలు చెడియున్నవా, గొలుసునకు నూనె సరిగా అందుచున్నదా, ఆ యూరికి చేరువలో విడిభాగములు దొఱకునా యని విచారింపవలెను. దారిప్రక్క చెట్లలో మేకులుండుట వాడుక. పరిశీలింపక కోసినచో గొలుసు ఒక్క క్షణమున పాడగును.

చట్టమును మఱువరాదు. 1882లో వచ్చిన మద్రాసు అటవీచట్టము మొదలు కొయ్య ప్రభుత్వపు లెక్కలోనికి వచ్చెను. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు దేశమంతట చెట్లకోతను సామిల్లులను కట్టుదిట్టము గావించెను. నీరు, భూమి, చెట్లను గూర్చిన 2002 నాటి చట్టము, వాల్టా యని వాడుక, చెట్టు కొట్టుటకు అనుమతి కోరుచున్నది. కొన్ని జాతులకు మినహాయింపు గలదు. రంపమెంత గొప్పదైనను దుంగకు పత్రము లేనిచో ఆ పని మనకు తగదు.

తుదకు మా మనవి. పెద్ద దుంగకు పెద్ద రంపము కావలెననుట సగము నిజము. దుంగకు తగిన పట్టె, పట్టెకు తగిన ఇంజను, కొయ్యకు తగిన పన్ను, మనుష్యునికి తగిన బరువు, అన్నిటికి మించి ప్రాణమునకు తగిన రక్షణ, ఈ యైదును కూడినదే తగిన రంపము. ఒక్కొక్కని శక్తికి మించిన పెద్ద యంత్రమును నలుగురు కోతవారు కూడి కొనుట మేలు. వదాన్యులగు పోషకులు యువకులకు యంత్రము నిచ్చునప్పుడు దానితోడ రక్షణవస్త్రములను, ఆకురాయి పట్టు విద్యను గూడ నొసంగుదురు గాక. గుంటలో నిలిచి పొట్టును కన్నులలో భరించిన మన పెద్దలు మనకు విడిచినది పనియందలి ఓర్పు. యంత్రము వచ్చినను ఆ యోర్పునకు సెలవు లేదు.