ఐఎన్‌ఎస్ 300 వెనకున్న మిరపకాయ

పండ్ల రసం ప్యాకెట్ల మీద సన్నటి అక్షరాల్లో కనిపించే 'యాంటీఆక్సిడెంట్ ఐఎన్‌ఎస్ 300' అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. మనకు తెలిసిన విటమిన్ సి అదే. రంగూ రుచీ చెడకుండా చూడటానికి దాన్ని కలుపుతారు. అసలు అది శాస్త్రవేత్తల చేతికి చిక్కింది కూడా ఆ గుణం వల్లే.

1920ల్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పనిచేస్తున్న హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్‌గ్యోర్గిని ఒక సందేహం పట్టుకుంది. ఆపిల్, బంగాళాదుంప ముక్కలు గాలి తగిలితే మన వంకాయ ముక్కల్లాగే నల్లబడతాయి. నిమ్మ, నారింజ నల్లబడవెందుకు? ప్రయోగం చేస్తే, నిమ్మజాతి రసం కలిపినప్పుడు రంగు రావడం కొద్దిసేపు ఆగింది. అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్న రోగుల చర్మం కూడా నల్లబడుతుందని గుర్తొచ్చి, ఆ గ్రంథుల్లోనూ వెతికారు. ఎంత ధైర్యమైన ఊహ! 1928లో కేంబ్రిడ్జిలో పశువుల గ్రంథుల నుంచి తెల్లటి స్ఫటికాలు తీశారు. తర్వాత అమెరికా కబేళాల నుంచి గ్రంథులు తెప్పించుకుని కష్టపడితే దక్కింది సుమారు పాతిక గ్రాములే. దాని నిర్మాణం తేల్చడానికి అది చాలలేదు.

1932లో హంగరీలోని సెగెద్‌లో, సహచరుడు జోసెఫ్ స్విర్‌బెలీతో కలిసి, స్కర్వీ అనే జబ్బును ఆపే విటమిన్ ఈ పదార్థమేనని గినీ పందుల మీద నిరూపించారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్త చార్లెస్ గ్లెన్ కింగ్ కూడా అదే చెప్పడంతో ఎవరు ముందన్న తగవు రేగింది. సరుకు కొరత మాత్రం తీరలేదు. ఒక రాత్రి భార్య భోజనంలో పచ్చి పాప్రికా పెట్టారు. మన మిరప జాతిదే, సెగెద్ ప్రాంతపు పేరున్న పంట. తినాలనిపించక దాన్ని ల్యాబుకు తీసుకెళ్లి పరీక్షిస్తే, అది విటమిన్ సి గని అని అర్ధరాత్రికల్లా తేలింది. కొద్ది వారాల్లో కిలోకు పైగా చేతికొచ్చింది.

1933లో బర్మింగ్‌హామ్‌లో రసాయన శాస్త్రవేత్త హావర్త్ బృందం దాని నిర్మాణం తేల్చింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో మరో రసాయన శాస్త్రవేత్త రైష్‌స్టైన్ దాన్ని గ్లూకోజు నుంచి తయారుచేసే దారి కనిపెట్టారు. ఫ్యాక్టరీల్లో తయారై ధర దిగాక అది ఆహార పరిశ్రమకు అందింది. 1937లో సెంట్‌గ్యోర్గికి వైద్యంలో, హావర్త్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

రసంలో అది ఆక్సిజన్‌కు తానే ముందు బలవుతుంది. అందుకే కొంతకాలానికి తరిగిపోతుంది. ప్యాకెట్ రసం తాజా జామకాయకు సాటి రాదు. అలాగని 300 అన్న అంకె చూసి భయపడనక్కర్లేదు. అదే లేబుల్ మీద చక్కెర ఎంతుందో చూడండి.