తెలంగాణ పల్లె, దక్కనీ పలుకు: శ్యామ్ బెనెగళ్ చిత్రాలలో భాషా సమస్య

తెలంగాణ గడ్డపై పుట్టి, తెలంగాణ పల్లెనే తొలి ఇతివృత్తంగా స్వీకరించి, ఆ పల్లె కథలను తెలుగేతర భాషలో చెప్పిన దర్శకుడు శ్యామ్ బెనెగళ్ (1934–2024). హిందీ సమాంతర సినిమాకు మార్గదర్శిగా ఆయనకు లభించిన ఖ్యాతి వల్ల ‘అంకుర్’, ‘నిశాంత్’ చిత్రాలను తెలంగాణ సాంస్కృతిక చరిత్రలో భాగంగా చదవడం వెనుకబడింది. వాటిని ఆ చరిత్రలోకి తెచ్చుకోవాలంటే ముందుగా తేల్చవలసింది భాష సంగతి. తెలుగు పల్లెచేత దక్కనీ ఛాయలున్న హిందీ పలికించడం ప్రాంత సత్యమా, విపణి అవసరమా?

బెనెగళ్ 1934 డిసెంబరు 14న సికిందరాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరిలో జన్మించారు. ఇంటి భాష కొంకణి. తండ్రి శ్రీధర్ బెనెగళ్ ఛాయాగ్రాహకుడు. నటుడు, దర్శకుడు గురుదత్ వీరికి దగ్గరి బంధువు. మహబూబ్ కళాశాలలోను, తరువాత నిజాం కళాశాలలోను చదివి, అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని స్థాపించినవారు ఆయనే. బొంబాయిలో ప్రకటన రచయితగా వృత్తి మొదలుపెట్టి, వందలాది ప్రకటన చిత్రాలు, లఘుచిత్రాలు తీసిన తరువాతనే 1974లో ‘అంకుర్’ సాధ్యమైంది. దానికి పెట్టుబడి పెట్టిన బ్లేజ్ సంస్థ సినిమాహాళ్లకు ప్రకటన చిత్రాలను పంపిణీ చేసే సంస్థ. కథ మాత్రం ఆయన విద్యార్థి దశ నాటిదే.

దక్కనీని ఈ ప్రాంతానికి పరాయి భాషగా కొట్టివేయడం తొందరపాటు. హైదరాబాదుకు పడమట ఒకే దారి మీద మొయినాబాదు, చేవెళ్ల ఉన్నాయి. ఒకటి ఉర్దూ పేరు, మరొకటి తెలుగు పేరు. నిజాం కాలంలో రాజధాని చుట్టూ ఉన్న గ్రామాలు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో, నిజాము సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములలో చేరేవి. శిస్తు, దస్తావేజు, కచ్చేరీ వ్యవహారమంతా ఉర్దూలోనే నడిచేది. ఇటువంటి పల్లెల్లో రైతు ఇంట్లో తెలుగు, కచ్చేరీలోను పట్నపు అంగడిలోను దక్కనీ మాట్లాడడం మామూలు. దక్కనీ నిర్మాణంలోనూ తెలుగు జాడ ఉంది. ‘వస్తానని చెప్పాడు’ అనే వాక్యంలో ‘అని’ ఉన్నచోట దక్కనీ ‘బోల్కే’ అనే మాటను సరిగ్గా అదే స్థానంలో, ఉపవాక్యం చివర ఉంచుతుంది. ఉత్తరాది హిందీలో ఈ పని చేసే ‘కి’ ఉపవాక్యానికి ముందే వస్తుంది. కాబట్టి ‘అంకుర్’కు సంభాషణలు రాసిన సత్యదేవ్ దుబే, బిలాస్‌పుర్ నుంచి బొంబాయి నాటకరంగానికి వెళ్లినవాడైనా, ఆ సంభాషణలకు దక్కనీ యాసను అద్దడం కేవలం అలంకారం కాదు.

అయితే చిక్కు అక్కడితో తీరదు. ‘అంకుర్’లో లక్ష్మి, కిష్టయ్య కుమ్మరి దంపతులు. అల్యూమినియం గిన్నెలు వచ్చి కుండల గిరాకీ పోయినవారు. పట్నం నుంచి వచ్చిన భూస్వామి కొడుకు సూర్య ముందు వారు పనివారు. యజమానితో దక్కనీ మాట్లాడడం నమ్మదగినదే. కాని ఆ ఇద్దరి గుడిసెలోపలి భాష ఏది? ఈ ప్రశ్నను చిత్రం ఎదుర్కోలేదు. ఎదుర్కోనక్కరలేని ఏర్పాటు కథలోనే ఉంది: కిష్టయ్య చెవిటి, మూగ. కల్లు దొంగిలించాడని గుండు గీయించి గాడిదపై ఊరేగించినా, చివర కొరడాతో కొట్టినా అతడి నోట మాట రాదు. అణచివేతకు ప్రతీకగా ఆ మూగతనాన్ని చదవడం పరిపాటి. తెలుగు పాఠకుడికి దానిలో మరొకటి కూడా వినిపిస్తుంది: ఆ పల్లె సొంత భాషకు తెరమీద చోటు లేదు. షబానా ఆజ్మీ తొలి చిత్రమైన ‘అంకుర్’ ఆమెకు, సాధూ మెహర్‌కు జాతీయ నటనా పురస్కారాలు తెచ్చింది.

భాష వదిలితే పోయేదేమిటో 1975 నాటి ‘నిశాంత్’లో ఇంకా స్పష్టం. విజయ్ తెందూల్కర్ రచన. కథాకాలం 1945. జమీందారు తమ్ముళ్లు బడిపంతులు భార్యను ఎత్తుకుపోతారు. పంతులు, పూజారి కలిసి ఊరిని లేపుతారు. తిరుగుబాటు విచక్షణ లేని మూకదాడిగా మారి, బాధితురాలినే బలిగొంటుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి పల్లెల్లో ఆంధ్ర మహాసభ ‘సంఘం’గా వేళ్లూనుకొని ఉంది. ఆ సంఘం ‘నిశాంత్’లో లేదు. ఈ లోపాన్ని రాజకీయ దృష్టికే అంటగట్టడం చాలదు. సంఘం పల్లెకు చేరింది తెలుగు పాట, బుర్రకథ, ఉయ్యాల ద్వారా. ఆ భాష లేని చిత్రంలో ఉద్యమం ఆవేశంగా మిగులుతుందే కాని ఆలోచనగా కనబడదు.

దీనికి జవాబుగా నిలిచేది ‘మా భూమి’. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. నిర్మాణ బాధ్యత, రచనలో భాగం బి. నర్సింగరావువి. దర్శకుడి మాతృభాష కాని, మూలకథ భాష కాని ఇక్కడ అడ్డు కాలేదు. తెలంగాణ తెలుగు, తెలంగాణ పాట తెరమీద నిలిచాయి. ఉర్దూ నవల తెలుగు చిత్రమైతే, హైదరాబాదు కథ హిందీ చిత్రమైంది! నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ గడీ లోపలి వెట్టిని చూపి ఐదు జాతీయ పురస్కారాలు పొందింది.

బెనెగళ్ తెలుగులో తీసింది ‘అనుగ్రహం’ (1978). హిందీ రూపం ‘కొందురా’. తెలుగు రచనలో ఆరుద్ర పాలుపంచుకున్నారు. వాణిశ్రీ, అనంత్ నాగ్, స్మితా పాటిల్ నటించారు. విచిత్రమేమంటే దాని మూలం చిం. త్ర్యం. ఖానోల్కర్ మరాఠీ నవల. అంటే తెలంగాణ కథకు హిందీ, కొంకణ తీరపు రచయిత కథకు తెలుగు దక్కాయి.

పోచంపల్లి నేతగాళ్లపై తీసిన ‘సుస్మన్’ (1987)లోనూ పాత చిక్కే ఉంది. అది చాలావరకు తొలగింది ‘వెల్ డన్ అబ్బా’ (2010)లో. కాగితాల మీద తవ్విన బావి ‘దొంగతనమైంద’ని ఠాణాలో ఫిర్యాదు చేసే కథ అది, జీలానీ బానో ఉర్దూ కథ దాని ఆధారాలలో ఒకటి. నాయకుడు అర్మాన్ అలీ బొంబాయిలో డ్రైవరు, స్వగ్రామం హైదరాబాదు పరిసరాల్లోని కల్పిత పల్లె. అతడు కూతురితో ఇంట్లో మాట్లాడేదీ, ఆఫీసులో వేడుకొనేదీ ఒకే దక్కనీ.