పెయోటీ చరిత్రము

మన పొలముల గట్లమీద కంచెగా పెరుగు నాగజెముడు అమెరికా ఖండమునుండి వచ్చి మనలో కలిసిపోయినదే యైనను, దానికి దాయాదియైన పెయోటీ మాత్రము పుట్టినచోటు విడిచి దూరము పోలేదు. మెక్సికో ఉత్తరభాగమునందలి చిహువాహువా ఎడారిలోను, రియో గ్రాండే తీరమున దక్షిణ టెక్సాసు ముండ్లపొదల నీడలోను అది నేలకంటుకొని పెరుగును. దానికి ముండ్లు లేవు. బూడిదవన్నె కలిసిన పచ్చని గుండ్రని తల, దానిపై తెల్లని నూగుకుచ్చులు, అడుగున ముల్లంగివంటి లావుపాటి వేరు, ఋతువున నొక లేతగులాబి పువ్వు: ఇంతియే దాని రూపము. వానలు లేని దినములలో తల ముడుచుకొని మట్టిలోనికి దిగిపోవుటచే, ఎరిగిన కంటికి తప్ప అది చిక్కదు.

టెక్సాసునందలి షుమ్లా గుహలలో లభించిన పెయోటీ ముక్కలు సుమారు 5,700 ఏండ్లనాటివని నిర్ణయించిన శాస్త్రజ్ఞులు, వానిలో దాని సారమైన మెస్కలీన్ ఇంకను మిగిలియుండుటను కనుగొనిరి. అట్టి పురాతనపు అనుబంధము నేటికిని చెక్కుచెదరక యున్నది మెక్సికో పడమటి కొండలలో నివసించు విచోల్ జాతివారియందు. వారు తూర్పుదిక్కున వందల కిలోమీటర్ల దూరముననున్న విరికుతా అను పుణ్యభూమికి పూర్వము కాలినడకనే పోయెడివారు. బయలుదేరునపుడు ఉప్పు మానివేసి, అగ్నియెదుట నిలిచి, ఒక్కొక్కరును తమ స్త్రీపురుష సంబంధములయందలి తప్పిదములను దాచక చెప్పుకొనగా, పెద్ద యైనవాడు ఒక్కొక్క దోషమునకు త్రాటియం దొక ముడివేసి, తుదకా త్రాటిని నిప్పులలో వేయును. విరికుతా చేరి తొలి పెయోటీని చూచినతోడనే దానిని లేడిగా భావించి బాణముతో కొట్టుదురు. ఏలయన లేడియు, మొక్కజొన్నయు, పెయోటీయు వారికి వేరువేరు కాక ఒకే దైవముయొక్క రూపములు. ఇంతటి నియమనిష్ఠలతో స్వీకరింపబడుదానిని కల్లు సారాయములతో జతకట్టి మత్తుపదార్థ మని త్రోసివేయుట ఘోరమైన అన్యాయము.

ఆ అన్యాయము స్పానిషువారితో మొదలైనది. 1620వ సంవత్సరమున మెక్సికో నగరమందలి క్రైస్తవ మతవిచారణసభ పెయోటీని నిషేధించుచు శాసనము వెలువరించెను. దొంగసొత్తు జాడ తెలిసికొనుటకును, జరుగబోవునది చెప్పుటకును జనులు దానిని వాడుచున్నారనియు, ఏ మూలికకును అట్టి శక్తి సహజముగా నుండదు గనుక అది సైతాను పన్నుగడయే యనియు వారు తీర్పు చెప్పిరి.

ఆ శక్తి యెట్టిదో రసాయనశాస్త్రము చెప్పుటకు మరి రెండున్నర శతాబ్దములకు పైగా పట్టెను. 1888లో బెర్లినునందు లూయీ లెవిన్ ఈ మొక్కలోని ఆల్కలాయిడులను పరిశీలింప మొదలిడగా, లైప్‌జిగ్‌లో ఆర్థర్ హెఫ్టర్ వానిని వేర్వేరుగా విడదీసి, ఏది కారణమో తేల్చుటకు ఒక్కొక్కదానిని తానే మ్రింగి చూచెను. 1897 నవంబరు 23న మెస్కలీనును పుచ్చుకొని పుస్తకము చదువుచుండగా పుటలమీద ఊదా, ఆకుపచ్చ మచ్చలు తోచెను; కన్నులు మూసికొన్నంతట తివాసీల నమూనాలు, కమానులు, పిమ్మట విశాలమైన మందిరములు కానవచ్చెను. 1919లో వియన్నాలో ఎర్నెస్ట్ స్పాత్ దానిని ప్రయోగశాలలో నిర్మించి స్వరూపమును స్థిరపరచెను: ఒక బెంజీను వలయమునకు మూడు మిథాక్సీ సమూహములు, ఒక చిన్న అమీను గొలుసు. మొక్క దీనిని టైరోసీనునుండి, మన మెదడునందును కల డోపమిను మీదుగా, తయారుచేసికొనును. ఆండీస్ పర్వతములలో నిలువెత్తు పెరుగు సాన్ పెద్రో కాక్టసునందును ఇదే పదార్థము కలదు. పెరూలోని చావీన్ దె వాంతార్ ప్రాచీనాలయ శిలపై ఆ కాండమును చేతబట్టిన మూర్తి చెక్కబడియున్నది.

మెస్కలీను మెదడులోని సెరొటోనిన్ గ్రాహకములను ఆశ్రయించి పనిచేయును. మొదట కడుపులో త్రిప్పుట, వాంతి; పిదప కనుపాపలు విప్పారుట, గుండెవేగము హెచ్చుట; ఆపైన రంగుల తీవ్రత, కాలగమనము మారినట్లగుట. ఇది పది పండ్రెండు గంటలు నిలుచును. తెలివి సాధారణముగా తప్పదు. కాని కొందరిని మహాభయము ఆవహించును. 1953లో కాలిఫోర్నియాయందు వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ ఇచ్చిన 0.4 గ్రాము పుచ్చుకొని ఆల్డస్ హక్స్‌లీ వ్రాసిన గ్రంథము లోకప్రసిద్ధమైనది. అయినను, ఆ గ్రంథము చదివి ఆకర్షితులైనవారికి త్రాటిముడులును, ఉప్పులేని దినములును తెలియకపోవుట నాకు విచారకరముగానే తోచుచున్నది.

ఉత్తరమున, అమెరికా సంయుక్త రాష్ట్రములలో, భూములు కోల్పోయి నిర్బంధ ప్రాంతములలోనికి నెట్టబడిన కయోవా, కోమాంచి జాతులవారు పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ ఆరాధనను ఆశ్రయించిరి. రాత్రియంతయు గుడారమున అర్ధచంద్రాకారపు మట్టివేదికపై ఒక పెయోటీనుంచి, నీరుపోసిన డోలు మ్రోయగా తెల్లవారువరకు పాడుదురు. దీనిని కన్నులార చూచిన జేమ్స్ మూనీ అను పరిశోధకుడు 1918లో శాసనసభ విచారణలో వారి పక్షమున సాక్ష్యమిచ్చి, అదే యేట ఓక్లహోమాలో నేటివ్ అమెరికన్ చర్చి నమోదగుటకు తోడ్పడెను. అందుకు ఫలముగా కయోవాలనడుమ పరిశోధన సాగించు అవకాశమునే పోగొట్టుకొనెను. ఆయన చెప్పినదానిని దేశము చట్టముగా అంగీకరించినది 1994లో: గుర్తింపుపొందిన ఆదిమజాతులవారు తమ ఆచారమునకై పెయోటీని వాడుట నేరము కాదని.

నేడు కొరత చట్టమునుండి కాక నేలనుండియే వచ్చుచున్నది. విత్తునుండి మొలచిన పెయోటీ ముదురుటకు పది యేండ్లు, ఒక్కొక్కప్పు డంతకు మించియు, పట్టును. ఎరిగినవారు తలను మాత్రము నేలమట్టమున కోసి వేరును విడిచెదరు. అట్లు విడిచిన వేరు మరల పిలకలు పెట్టును. తొందరపడి లోతుగా కోసినచోట ఆ వేరు కుళ్ళిపోవును. పశువుల మేతకై పొదలు దున్నివేయుటచేతను, దొంగకోతలచేతను తగ్గిపోవుచున్న పెయోటీ నేలలలో, చర్చివారే ఇప్పుడు భూమి కొని, నారుపోసి, మొక్కలను మరల నాటుచున్నారు.