వాపు దిగింది, మందు ఆగలేదు

అమలాపురంలో చీకటితో బయల్దేరిన బస్సు ఎదుర్లంక వంతెన మీదుంది. కింద గౌతమి పాయ. మీ ఎదుటి సీట్లో తల్లి ఒళ్లో నాలుగేళ్ల పిల్లాడు. రెప్పలు ఉబ్బి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. కాలి మీద సాక్సు పట్టిన చోట లోతుగా గాడి.

"ఏదో పురుగు కుట్టిందనుకున్నావండి. మూడ్రోజులకి పొట్టకూడా వచ్చేసింది."

యానాం దాటి కాకినాడ చేరి, ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) పిల్లల ఓపీ వరసలో వాళ్ల వెనకే నిలబడండి. మూత్రంలో ముంచిన పట్టీ పసుపు రంగు నుంచి ముదురాకుపచ్చకి తిరుగుతోంది. త్రీ ప్లస్, అంటే మూత్రంలో ప్రోటీన్ బాగా పోతోంది. నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీ జల్లెడలోంచి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ జారిపోతోంది. అందుకే ఒంటికి నీరు పట్టింది.

చీటీ మీద ప్రెడ్నిసలోన్.

"స్టెరాయిడ్డాండి?" తల్లి గొంతు వణికింది. "పిల్లాడు ఎదగడంటారు కదండీ!"

ఆ భయం ఉత్తిది కాదు. మొహం గుండ్రమవుతుంది, ఆకలి విపరీతం, ఏళ్ల తరబడి వాడితే ఎదుగుదల తగ్గొచ్చు. కానీ ఈ మందు రాకముందు ఈ జబ్బున్న పిల్లల్ని ఎందర్నో ఇన్ఫెక్షన్లు మింగేశాయి.

"ఆరు వారాలు రోజూ వెయ్యాలమ్మా. తరవాత మోతాదు తగ్గించి, రోజు విడిచి రోజు ఇంకో ఆరు వారాలు. వాపు దిగాక కూడా."

అసలు చిక్కు అక్కడే. రెండో వారానికల్లా చాలామంది పిల్లలు మామూలుగా ఆడేస్తారు. "ఇంకా మాత్రలెందుకే?" అంటుంది నాయనమ్మ. ఆవకాయ ముద్ద కోసం పిల్లాడి ఏడుపు, ఉప్పు తగ్గించమన్నారు. అయినా ఆ తల్లి రోజూ పొద్దున్నే పట్టీ ముంచి, రంగు చూసి, నోట్‌బుక్కులో రాస్తుంది. ఆ పుస్తకం విలువ ఏ స్కానింగుకీ తీసిపోదని నా నమ్మకం.

పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి స్టెరాయిడ్ పనిచేస్తుంది. వాళ్లలో సగానికి పైగా పిల్లలకి, తరచుగా జలుబు వెనకాలే, జబ్బు తిరగబెడుతుంది. అది తల్లి తప్పు కాదు. ఎక్కువమందికి యవ్వనం వచ్చేసరికి వదిలిపోతుంది, కిడ్నీలు నిలుస్తాయి. మందుకి లొంగని కొద్దిమందికి మాత్రం బయాప్సీ, వేరే మందులు కావాలి. కిడ్నీ చెడే ముప్పు ఎక్కువ వాళ్లకే.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డుంటే డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకండి. వరసగా మూడ్రోజులు త్రీ ప్లస్ వస్తే ఫోన్ చెయ్యండి. జ్వరమో కడుపునొప్పో వస్తే ఆ రోజే తీసుకెళ్లండి.