భ్రూణహత్యాపాపము ఎవరిది?

గర్భస్రావము చేయించుకొనుట పాపమా యను ప్రశ్నకు మన పూర్వులు సందేహింపక యుత్తరమిచ్చిరి. ధర్మశాస్త్రములు భ్రూణహత్యను ఘోరపాతకములలో నెంచినవి. పందొమ్మిదవ శతాబ్దపు సంస్కర్తలును దానిని పాపమే యనిరి. కాని యా పాపమునకు కర్త యెవరని యడిగిరి.

1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు, వితంతువులకు పునర్వివాహము లేనందుననే భ్రూణహత్యలు పెరుగుచున్నవని వాదించిరి. మఱుసటి యేఁట విధవావివాహ చట్టము వచ్చినది. 1863లో పూనాలో ఫూలే దంపతులు, గర్భవతులైన వితంతువులు రహస్యముగ ప్రసవించుటకు శరణాలయము తెఱచిరి. వేయి యుపదేశములకంటె నా తెఱచిన తలుపే మాకు ఘనముగఁ దోఁచుచున్నది.

1860వ సంవత్సరపు శిక్షాస్మృతి వేఱుత్రోవ పట్టినది. దాని 312వ సెక్షను గర్భస్రావమునకు మూడేండ్లు, శిశువునకు చలనము కలిగినపిమ్మట నైనచో ఏడేండ్లు వఱకు ఖైదు విధించినది. స్త్రీ ప్రాణరక్షణకై సద్బుద్ధితోఁ జేసినదానికి మాత్రమే మినహాయింపు. తన గర్భమును తానే పోఁగొట్టుకొన్న స్త్రీయు దోషియే. గర్భకారకుఁడైనందుకు పురుషునకు శిక్ష లేదు.

1881లో సూరతునందు విజయలక్ష్మి యను బ్రాహ్మణ వితంతువు తాను కన్న శిశువును చంపెనని ఉరిశిక్ష పొందెను. అప్పీలులో నది ద్వీపాంతరవాసముగ మాఱెను. పత్రికలు స్త్రీజాతినే దూషింపఁగా, తారాబాయి శిందే 1882లో మరాఠీభాషలో స్త్రీపురుష తులన మను గ్రంథము ప్రకటించి, ఆమెను వంచించిన పురుషుఁ డేఁడీ యని నిలదీసెను. ఆ 1881లోనే, డిసెంబరు 11న, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. రహస్యగర్భస్రావములను చూచియు చూడనట్లుండిన సంఘమే యా పెండ్లికిఁ బోయినవారిని వెలివేసెను!

గర్భస్థజీవియు ప్రాణియే కదా యనువారి యాక్షేపణ త్రోసివేయఁదగినది కాదు. ఆడుశిశువని తెలిసి గర్భమును తీయించు దుర్మార్గమును మాన్పుటకు 1994లో వేఱొక చట్టమే కావలసివచ్చినది. అయినను ఆ ప్రాణిని తలఁచువారు, మోటువైద్యుల చేతులలో ప్రాణములు విడిచిన తల్లులనుగూడ తలఁపవలదా? 1964లో నియమింపఁబడిన శాంతిలాల్ షా సంఘము విచారించినది దీనినే. తత్ఫలితముగ 1971లో గర్భవిచ్ఛేద చట్టము పుట్టినది.

అందును గర్భనిరోధసాధనము విఫలమైనదను కారణము వివాహితకే చెల్లినది. 2021 సవరణతో "వివాహిత" యను మాట తొలఁగెను. 2022లో సుప్రీముకోర్టు, అవివాహితకును సమానహక్కు కలదని తీర్పుచెప్పెను. 312వ సెక్షను మాత్రము 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 88వ సెక్షనై నిలిచియున్నది. గర్భవిచ్ఛేద చట్టపు హద్దు దాఁటి తన గర్భమును పోఁగొట్టుకొన్న స్త్రీ నేఁటికిని దానికింద నేరస్థురాలే.