లైన్ క్లియర్ నుంచి సున్నా దాకా

హిందూపురం నుంచి మలుగూరు వైపు బండి కదలాలంటే డ్రైవరు సిద్ధంగా ఉంటే చాలదు, పచ్చజెండా చేతిలో ఉంటే చాలదు. ముందు మలుగూరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు అడగడానికి రైల్వేవాళ్ళు పెట్టుకున్న భాషలో మాటలు లేవు, గంట దెబ్బలే ఉన్నాయి. బ్లాక్ ఇన్‌స్ట్రుమెంటు మీద మీట నొక్కితే అవతలి స్టేషన్లో గంట మోగుతుంది. ఒక్క దెబ్బ మోగితే ఇటు చూడమని, ఫోనెత్తమని. రెండు మోగితే లైన్ క్లియరేనా అని ప్రశ్న. మూడు అంటే బండి సెక్షన్లోకి అడుగుపెట్టింది, నాలుగు అంటే క్షేమంగా దాటింది. ఐదు కొడితే ఇందాక చెప్పింది రద్దు. ఆరు కొడితే ప్రమాదం, ఉన్నపళంగా అన్నీ ఆపాలి. ఆరు కొట్టి, కాస్త ఆగి మళ్ళీ రెండు కొడితే దాని అర్థం ఇంకా సూక్ష్మం: మీ వైపు వస్తున్న బండికి వెనక దీపంగానీ పలకగానీ లేదు, పెట్టెలు తెగి దారిలో మిగిలాయేమో చూసుకోండి.

1999 మార్చిలో అమెరికాలోని మిన్నెసోటాలో ఈథన్ గాల్‌స్టాడ్ అనే ప్రోగ్రామరు ‘నెట్‌సెయింట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. సర్వర్ల మీద ఏ ప్రాసెస్ నడుస్తోందో, ఏది పడిపోయిందో కనిపెట్టడం దాని పని. అంతకు మూడేళ్ళ ముందు ఆయన నోవెల్ నెట్‌వేర్ సర్వర్లను పలకరించి, జవాబు రాకపోతే పేజరుకు అంకెలు పంపే చిన్న డాస్ ప్రోగ్రాము రాసుకున్నాడు. ఆ అలవాటే పెరిగి పెద్దదైంది. ట్రేడ్‌మార్కు గొడవ వద్దనుకుని 2002లో పేరు మార్చితే అది ‘నాగియోస్’ అయింది. హిందూపురం గంటలకూ ఈయన ప్రోగ్రాముకూ రక్తసంబంధమేమీ లేదు. ఆయన బ్రిటిష్‌వాళ్ళ రైల్వే నిబంధనల పుస్తకం తిరగేసి ఉంటాడనీ అనుకోలేం. అయినా ఇద్దరూ చేరిన చోటు ఒక్కటే. కావలి గట్టిపడేది కళ్ళు పెంచితే కాదు. అడిగేవాడికీ జవాబు చెప్పేవాడికీ మధ్య నాలుగైదు సంకేతాలు ఖాయం చేసి, వాటికి ఒక్క అర్థమే ఉండేలా చూస్తే గట్టిపడుతుంది.

హిందూపురం లైను మీదే ఉన్న పెనుకొండకు కావలి కొత్త కాదు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర పాలకులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కొండ మీద కోట, కింద ఊరి చుట్టూ ప్రాకారాలు. కోట కావలివాళ్ళు రాత్రంతా పెట్టే ‘పారాహుషార్’ కేకను మన సినిమాలు దొంగలను బెదిరించే అరుపుగా మిగిల్చాయి గానీ, పక్క బురుజు మీదున్నవాడికి ‘నేను మేలుకునే ఉన్నాను’ అని చెప్పడం దాని అసలు పని. కేక వినబడని బురుజు వైపే మనిషిని పంపాలి. సర్వర్ల కాపలాదారులు దీన్నే ‘హార్ట్‌బీట్’ అంటారు.

1890ల మొదట్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ మీదుగా మైసూరు సంస్థానపు సరిహద్దు దాకా మీటర్‌గేజి లైను పడింది. సరిహద్దు ఊరు హిందూపురం. బళ్ళు నడిపింది సదరన్ మరాఠా రైల్వే. కంపెనీలు కలిశాయి, 1951లో సదరన్ రైల్వే వచ్చింది, గేజి మారింది. 2003లో నైరుతి రైల్వే ఏర్పడ్డాక హిందూపురం, పెనుకొండ బెంగళూరు డివిజనులోకి వెళ్ళాయి. ధర్మవరం దక్షిణ మధ్య రైల్వే గుంతకల్లు డివిజనులోనే ఉండిపోయింది. అంటే ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగే బండి జోన్లే మారుతుంది. అయినా ఆరు దెబ్బలకు అటూ ఇటూ అర్థం ఒక్కటే. గాల్‌స్టాడ్ ప్రోగ్రాము బతకడానికీ ఇలాంటి ఒప్పందమే కారణం.

ఆ ఒప్పందం ఇది. నాగియోస్‌కు తనంతట తనకు ఏ ప్రాసెస్ గురించీ ఏమీ తెలియదు. నిర్ణీత వ్యవధుల్లో అది ఒక చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. దాని పేరు ప్లగిన్. ఆ ప్లగిన్ సీలో రాసినా, పెర్ల్‌లో రాసినా, పది వరుసల షెల్ స్క్రిప్టు అయినా ఫరవాలేదు. కమాండ్ లైను మీద మనిషి చేత్తో కొట్టి నడిపించగలిగేదై ఉంటే చాలు. అది తన పని చూసుకుని ఒక వరుస మాట ముద్రించి, ఒక అంకె ఇచ్చి తప్పుకోవాలి. సున్నా అంటే బాగుంది. ఒకటి అంటే జాగ్రత్త. రెండు అంటే ప్రమాదం. మూడు అంటే తెలియదు. యూనిక్స్‌లో ఏ కమాండైనా పని సవ్యంగా ముగిస్తే సున్నా ఇచ్చి వెళ్ళడం 1970ల నాటి ఆచారమే. గాల్‌స్టాడ్ దానికి మూడు మెట్లు చేర్చాడు. ఆ మెట్ల మీద ప్రపంచమంతా వేల ప్లగిన్లు రాసింది. 2009లో కొందరు విడిపోయి ‘ఐసింగా’ పెట్టుకున్నప్పుడూ, 2014లో ప్లగిన్లు రాసే జట్టు వేరుపడి ‘మానిటరింగ్ ప్లగిన్స్’ అని పేరు మార్చుకున్నప్పుడూ ఎవరూ ఆ నాలుగు అంకెల జోలికి పోలేదు. జోన్లు మారినా గంటలు మారనట్టే.

ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా చూడడం పాత రైల్వేకు ప్రాణసంకటం. దానికి మన దేశంలో విరివిగా వాడింది నీల్స్ బాల్ టోకెన్ యంత్రం. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, మధ్య విద్యుత్ తీగ, లోపల లోహపు బంతులు. ఒక బంతి బయటికి వస్తే రెండు యంత్రాలూ బిగుసుకుంటాయి. అది మళ్ళీ ఏదో ఒక యంత్రంలోకి చేరేదాకా రెండోది రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి వెదురు వలయానికి కట్టి డ్రైవరుకు అందించేవారు. ఆగని బండిలోంచి చెయ్యి చాచి వలయాన్ని అందుకోవడం ఒక విద్య. బంతి చేతిలో ఉన్నవాడిదే లైను. యూనిక్స్ ప్రోగ్రాములు తాము నడుస్తున్నామని చెప్పడానికి తమ ప్రాసెస్ నంబరు రాసి పెట్టే పీఐడీ ఫైలుదీ దాదాపు ఇదే తంతు, బలహీనతతో సహా. ప్రోగ్రాము అర్ధాంతరంగా చచ్చిపోయి ఫైలు మిగిలిపోతే, ఫైలును మాత్రమే నమ్మే స్క్రిప్టు శవాన్ని చూసి కులాసాగా ఉందంటుంది. అందుకే మంచి ప్లగిన్ ఫైలు చూసి ఊరుకోదు, ప్రాసెస్ పట్టికలోకి వెళ్ళి ఆ నంబరు నిజంగా ఉందో లేదో చూస్తుంది.

బండి వెళ్ళింది సరే, మొత్తం వెళ్ళిందా? స్టేషన్ సిబ్బంది ప్రతి బండి చివరి పెట్టెనూ కళ్ళారా చూడాలని నిబంధన. పగలు ‘ఎల్‌వీ’ అని రాసిన పలక, రాత్రి ఎర్రదీపం. అవి కనబడితేనే నాలుగు దెబ్బలు. తర్వాత ఆ పనిని యాక్సిల్ కౌంటర్లు అందుకున్నాయి. సెక్షన్ మొదట్లో లోపలికి వెళ్ళిన ఇరుసులెన్ని, చివర బయటికొచ్చినవెన్ని అని లెక్కపెట్టి, రెండూ సరిపోతేనే లైను ఖాళీ అంటాయి. ఒక్క ఇరుసు తేడా వచ్చినా బండి లోపలే ఉన్నట్టు లెక్క. నాగియోస్ ప్లగిన్లలో ‘చెక్ ప్రాక్స్’ చేసేది అచ్చంగా ఈ ఇరుసుల లెక్కే. ఫలానా పేరుతో ప్రాసెస్‌లు ఎన్ని ఉండాలో కింది హద్దు, పై హద్దు చెప్పి వదిలితే అది లెక్కపెట్టుకు వస్తుంది. వెబ్ సర్వరు ప్రాసెస్‌లు ఒక్కటీ లేకపోతే రెండు. వందలకు వందలు పుట్టుకొస్తే అప్పుడూ రెండే, ఎందుకంటే పెరగడమూ జబ్బే. వేరే యంత్రం మీది ప్రాసెస్‌లను లెక్కపెట్టాలంటే ఆ యంత్రంలోనే ‘ఎన్‌ఆర్‌పీఈ’ అనే గుమస్తా కూర్చుని, అడిగినప్పుడు స్క్రిప్టు నడిపి జవాబు పంపుతాడు. తలుపు నంబరు 5666.

ఇక ‘తెలియదు’ అనే మూడో అంకె. చాలామంది కొత్తవాళ్ళు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, రైల్వే ఇంజనీర్లు ఒక శతాబ్దం దాని చుట్టూనే తిరిగారు. 1872లో అమెరికన్ ఇంజనీరు విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా సన్నటి కరెంటు పారుతూ ఉంటుంది. బండి వస్తే చక్రాలు ఆ దారిని మధ్యలోనే కలిపేస్తాయి, రిలేకు కరెంటు అందదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా ఎరుపే, బ్యాటరీ అయిపోయినా ఎరుపే. కబురు లేకపోవడాన్ని క్షేమంగా కాక ప్రమాదంగా చదవడం అందులోని తెలివి. నాగియోస్ కూడా ప్లగిన్ గడువులోగా జవాబివ్వకపోతే మామూలు అమరికలో దాన్ని ప్రమాదం కిందే రాస్తుంది. కాకపోతే వెంటనే గోల చెయ్యదు. ఎన్నిసార్లు చూడాలో ముందే చెప్పి ఉంటే అన్నిసార్లూ చూసి, అప్పటికీ అదే జవాబైతే అప్పుడు మనిషిని లేపుతుంది. ప్రతి చీమ చిటుక్కుకూ అర్ధరాత్రి ఫోను మోగితే నాలుగో రోజుకు ఎవరూ ఎత్తరు. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో రాత్రి షిఫ్టు చేసే మన పిల్లలను అడిగితే ఈ సంగతి ఇంకా ఘాటుగా చెబుతారు.

2012 మే 22 తెల్లవారుజామున హంపి ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నల్ దాటి వచ్చి, పెనుకొండ స్టేషన్లో నిలబడి ఉన్న గూడ్సును ఢీకొంది. పాతికమంది దాకా చనిపోయారు. అక్కడ సిగ్నల్ చెప్పాల్సింది చెప్పింది, బండి ఆగలేదు. కావలి విద్యలో ఇది పాత పేచీ: ప్రమాదమని చెప్పడం వరకేనా మన పని, ఆపడం కూడానా? ఇంజన్లలో ఉండే విజిలెన్స్ పరికరం డ్రైవరు ఒక నిమిషంపాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలిగించి, అలారం మోగించి, అప్పటికీ కదలిక లేకపోతే తానే బ్రేకు వేస్తుంది. ‘కవచ్’ ఇంకో అడుగు ముందుకేసి సిగ్నల్ రంగును రేడియో ద్వారా ఇంజన్లోకే తెస్తుంది. ఎరుపు దగ్గర వేగం తగ్గకపోతే బండిని ఆపుతుంది. దాని తొలి పరీక్షలు జరిగింది లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గాల్లో. తయారీలో మొదట పాలుపంచుకున్న మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాదు సంస్థలే. నాగియోస్‌లో ఇలా చెయ్యి చేసుకునే భాగానికి ‘ఈవెంట్ హ్యాండ్లర్’ అని పేరు. ప్రాసెస్ పడిపోతే మనిషిని లేపేలోగా ఒక స్క్రిప్టు దాన్ని తిరిగి లేపడానికి చూస్తుంది. చాలాచోట్ల దీన్ని భయంభయంగానే వాడతారు, ఆ భయం సబబే. పడిన ప్రాసెస్‌ను ఎందుకు పడిందో చూడకుండా గంటకోసారి లేపుతూ పోతే జబ్బు దాగుతుందే తప్ప నయం కాదు.

మరుసటి ఏడాది డిసెంబరు 28న ఇదే దారిలో కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ పెట్టె తగలబడి 26 మంది పోయారు. బండి ఎక్కడుంది, లైను ఖాళీయా అని అడగడానికి అంత సరంజామా ఉంది గానీ, నడుస్తున్న పెట్టెలో పొగ వస్తోందా అని అడిగే సాధనం ఆ సరంజామాలో లేదు. తర్వాత్తర్వాత ఏసీ పెట్టెల్లో పొగను పసిగట్టే పరికరాలు పెరిగాయి. సర్వర్లలోనూ ఇదే లోటు తరచు బయటపడుతుంది. చెక్ ప్రాక్స్ లెక్క సరిగ్గా ఉంటుంది, సున్నా వస్తుంది, తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. రేషన్ డిపో దగ్గర వరుసలో నిల్చున్నవాళ్ళకు మాత్రం ‘సర్వర్ రావట్లేదు’ అన్న మాటే దక్కుతుంది. ప్రాసెస్ బతికే ఉంది, పలకడం లేదంతే. దానికి వేరే ప్లగిన్ కావాలి. ‘చెక్ హెచ్‌టీటీపీ’ లాంటిది బయటి మనిషిలా తలుపు తట్టి, పేజీ వచ్చిందా, ఎన్ని సెకన్లకు వచ్చిందని చూస్తుంది. రెండూ పెట్టుకున్నవాడే నిబ్బరంగా నిద్రపోగలడు.

ఈ గంటలన్నిటికీ ఇప్పుడు రాతకోతలు కూడా ఉన్నాయి. స్టేషన్ల రిలే గదుల్లో డేటాలాగర్లు కూర్చుని ఏ రిలే ఎప్పుడు ఎత్తుకుంది, ఎప్పుడు పడింది, బ్యాటరీ ఓల్టేజి ఎంత అన్నవి సెకనుకు పదులసార్లు చూసి రాసుకుంటాయి. వాటి తయారీలో విజయవాడ ఎఫ్‌ట్రానిక్స్‌కు పేరుంది. ప్రమాదం జరిగితే విచారణవాళ్ళు ముందుగా అడిగే వస్తువుల్లో ఆ చిట్టా ఒకటి. టికెట్లు, బండి రాకపోకల సమాచారం సర్వర్లకెక్కాయి. ఆ సర్వర్లకూ ఒక కావలివాడు కావాలి.

కావలివాణ్ణి ఎవరు కాస్తారన్న ప్రశ్నకు రైల్వే గంటల పట్టికలో ఒక వరుస కేటాయించారు: పదహారు దెబ్బలు కొడితే బండి సంగతి కాదు, గంట పనిచేస్తోందో లేదో పరీక్ష. నాగియోస్‌కూ అలాంటి ప్లగిన్ ఒకటి ఉంది, పేరు ‘చెక్ నాగియోస్’. నాగియోస్ ప్రాసెస్ నడుస్తోందా, అది రాసే స్థితి ఫైలు ఇన్ని నిమిషాల లోపు మారిందా అని రెండూ చూసి, అదే నాలుగు అంకెల్లో జవాబు చెబుతుంది. దాన్ని నాగియోస్ ఉన్న యంత్రానికే వదిలేస్తే ఉపయోగం సగమే, యంత్రం పడిపోతే రెండూ కలిసే పడిపోతాయి. కాబట్టి అనుభవజ్ఞులు రెండో ఊళ్ళో రెండో యంత్రం పెట్టి, అక్కడి నుంచి ఎన్‌ఆర్‌పీఈ ద్వారా దాన్ని అడిగిస్తారు.